రాక్షసుడి కొండ కింద కొట్టు

ఆ రోజుల్లో ఏది మొదలుపెట్టినా అది దానంతటదే ఒకనాటికి ముగుస్తుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. పరీక్షలు ముగుస్తాయి, ఎండాకాలం ముగుస్తుంది, మా పెద్దమ్మ కలిపే ఉప్మా కూడా ఎప్పుడో ఒకప్పుడు గిన్నె అడుగు చూపిస్తుంది. కొట్లలో పుట్టి పెరిగినవాడికి ఈ నమ్మకం ఎలా పట్టిందో నాకిప్పటికీ అంతుపట్టదు. కొట్టుకు ముగింపు ఉంటుందా? రాత్రి తలుపు వేస్తాం, పొద్దున తీస్తాం. నిన్న పోయిన సరుకే మళ్లీ తెప్పిస్తాం, నిన్న సణిగిన మనిషే మళ్లీ వచ్చి సణుగుతాడు. బహుశా అందుకేనేమో, ఇరవై ఏళ్ల వయసులో నాకు ముగింపులంటే పిచ్చి. జీవితంలో ఒక్కటంటే ఒక్క పనినైనా 'ఇదుగో, అయిపోయింది' అని చేతులు దులుపుకొని లేవాలని కోరిక. ఆ కోరికను మా అన్న ఎలా నేలరాచాడో చెబుతాను, వినండి.

మాది గుడియాత్తం. నాయనది లుంగీల కొట్టు. కాలేజీ చదువు కోసం నన్ను వేలూరులో మా పెద్దమ్మ ఇంట్లో పెట్టారు. కింద పెద్దనాన్న రంగుల కొట్టు, పైన కాపురం. దేశం తలుపులు తెరిచేశారు, ఇక బయటి కంపెనీలన్నీ వచ్చి పడతాయి అని పేపర్లు హోరెత్తిస్తున్న కాలమది. (పెద్దనాన్న మాత్రం "తలుపులు తెరిస్తే ముందు దుమ్మే గదరా వచ్చేది" అని పేపరును మడిచి డబ్బాల కింద పరిచేవాడు.) అలాంటి రోజుల్లో బాగాయం వైపు ఒక హాస్టల్లో చదువు ముగించుకొని వెళ్లిపోతున్న ఓ కుర్రాడి దగ్గర నేనొక పెట్టె చూశాను. లోపల లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, నాలుగు ముఖాల పాచిక, ఎనిమిది ముఖాల పాచిక, ఇరవై ముఖాల పాచిక. చూడగానే మనసు పడ్డాను. మనసు పడ్డ సంగతి ముఖంలో కనిపిస్తే మా వంశానికే తలవంపులు కనుక, ఆవులిస్తూ పుస్తకం తిరగేసి, "చివర పేజీలు చిరిగిపోయి ఉన్నాయే?" అన్నాను. ఆ ఒక్క లోపాన్ని పట్టుకొని లాగి లాగి, చివరికి ఒక పక్కకే తల తిప్పే మా పాత టేబుల్ ఫ్యాను ఇచ్చి పెట్టెను సొంతం చేసుకున్నాను. గెలిచానని ఈల వేసుకుంటూ ఇల్లు చేరాను. తర్వాత విషయసూచిక చూస్తే తెలిసింది, చిరిగిన పేజీల్లో ఉన్న అధ్యాయం ఏమిటో: ఆటను అందరికీ తృప్తిగా ముగించడం ఎలా.

ఆట చాలా సులువు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకొని 'నేనిప్పుడు ఇలా చేస్తాను' అని చెబుతారు. అది నెగ్గిందా లేదా పాచిక చెబుతుంది. కథ నడిపేవాణ్ణి నేనే, పెట్టె నాది కదా. ఆడేవాళ్లు ముగ్గురు. మొదటివాడు పెద్దమ్మ కొడుకు. వాణ్ణి మేం గల్లా అన్న అనేవాళ్లం, పాలు మరచిన నాటినుంచీ గల్లాపెట్టె పక్కనే పెరిగాడు కనుక. రెండోది వాడి సొంత చెల్లెలు, మాకందరికీ చెల్లి. మూడోవాడు పక్కవీధి కట్టుబడి మేస్త్రీ కొడుకు. వాణ్ణి కూడా మేస్త్రీ అనే పిలిచేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం కొట్టుకు సెలవు. రంగు డబ్బాల మధ్య చాప వేసుకొని కూర్చునేవాళ్లం. పుస్తకం ఇంగ్లీషు, నా రాతలు తమిళ అక్షరాల్లో, మాటలు తెలుగు, తిట్లు మాత్రం నోటికి ఏది ముందు వస్తే అది.

మొదటి ఆదివారమే నేనొక రాక్షసుణ్ణి పుట్టించాను. వాడు చెల్లి పాత్ర ఉండే ఊరిని కాల్చి బూడిద చేశాడు. చెల్లి ఊరుకుంటుందా? మా వైపు అమ్మవారి తిరునాళ్లలో తెల్లవార్లూ కూత్తు ఆడే వీధిలో కూర్చొని ద్రౌపది శపథం చూసి పెరిగిన ఆడపిల్లలకు శపథం చెయ్యడం ఎవరూ నేర్పనక్కర్లేదు. "వాడిని చంపేదాకా నేను తల దువ్వుకోను" అనేసింది. (ఆటలోనే లెండి. బయట చక్కగా రెండు జడలు వేసుకొని, మల్లెపూలు పెట్టుకొనే వచ్చేది.) నాకు ఒళ్లు పులకరించింది. కథంటే ఇదీ! ముగ్గురూ కత్తులు పట్టుకొని వెళతారు, కొండ ఎక్కుతారు, వాణ్ణి చంపుతారు, చెల్లి తల దువ్వుకుంటుంది. మూడు నాలుగు వారాల పని.

రెండేళ్లు పట్టింది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, కొండ దగ్గర. నేను గొంతు తగ్గించి, రాక్షసుడి కొండ ఎంత నల్లగా ఉందో, కింద ఎముకలు ఎలా తెల్లగా మెరుస్తున్నాయో వర్ణిస్తున్నాను. గల్లా అన్న చెయ్యెత్తాడు.

"కొండ కింద బాట ఉండాదా?"

"ఉంది."

"ఆ బాటలో మా మాదిరి వీరులు ఇంకా ఎవురన్నా వస్తారా?"

"దేశదేశాల నుంచి వస్తారు," అన్నాను గంభీరంగా. "కానీ పైకి పోయినవాడు ఒక్కడూ తిరిగి రాడు."

"ఇంకా మేలు. సరుకు బాగలేదని వాపసు తెచ్చేవాడు ఉండడు. తాళ్లు, కాగడాలు, తినేదానికి అటుకులు. మేస్త్రీ, ఈడ ఒక కొట్టు వేస్తే ఎట్లుంటాదంటావు?"

"నాలుగు గుంజలు నాటి పైన రేకులు పరిస్తే పోదుం, అంతే చాలు అన్నా. వానలు పడేలోపల ఇటుక గోడ లేపేస్తా."

అంతే. ఆ రోజు నుంచీ నా వీరుల్లో ఇద్దరు కత్తులు గోడకు తగిలించి కొట్లో కూర్చున్నారు. నేను ఏడ్చినంత పని చేశాను. వాన కురిపించాను, కొండ కింద వరద తెచ్చాను. అన్న పడవలు అద్దెకిచ్చాడు. దొంగల్ని పంపాను. వాళ్లకు ముసుగులు అమ్మాడు. ఇక లాభం లేదని, పేపర్లో చదివిందంతా గుర్తు చేసుకొని, ఎదురుగా సముద్రాల అవతలి నుంచి వచ్చిన పెద్ద కంపెనీ చేత అద్దాల కొట్టు తెరిపించాను. 'ఇప్పుడు ఏం చేస్తావో చూస్తా' అని కాలు మీద కాలు వేసుకున్నాను. మరుసటి ఆదివారానికి అన్న ఆ కంపెనీకి జిల్లా ఏజెంటు.

చివరికి నా రాక్షసుణ్ణే కొండ దింపి కొట్టు ముందుకు తెచ్చాను. చాపమీద లేచి నిలబడి, చేతులు చాచి గర్జించాను. పైనుంచి పెద్దమ్మ "ఏమైందిరా నాయనా, తేలు గాని కుట్టిందా?" అని కేకేసింది. గల్లా అన్న మాత్రం చలించలేదు.

"రండి సార్, రండి. ఎండన పడి వచ్చినట్టుండారే. మేస్త్రీ, సారుకు స్టూలు వెయ్యి. ఏం సార్, మీ గుహకు తలుపు లేదంట గదా? ఎవురు పడితే వాళ్లు లోపలికి వచ్చేస్తా ఉండారంట?"

"నాకు తలుపెందుకు?" అని గర్జించాను.

"నిద్రపోయేటప్పుడు సార్. టేకు తలుపు, ఇత్తడి తాళం. మీరు గనక చెప్తా ఉండా, ఇంకొకరికి అయితే చూపించను కూడా."

ఇక్కడ నా బలహీనత ఒకటి మీకు చెప్పాలి. బేరం అనేసరికి నాకు ఒళ్లు తెలియదు. నేను రాక్షసుణ్ణన్న సంగతే మరిచిపోయి, టేకులో పగులుందన్నాను, తాళం బరువు చాలదన్నాను, లేచి వెళ్లిపోతున్నట్టు నటించాను, పిలిచాక వెనక్కి వచ్చాను. అన్న చెప్పిన ధరను సగానికి సగం విరిచి, విజయగర్వంతో తలుపును భుజాన వేసుకొని కొండెక్కాను. ఆ ఆదివారం ఆట ముగిసి, అందరూ కాఫీలు తాగుతుంటే చెల్లి నా వంక చూసిన చూపుతో గానీ నాకు తెలివి రాలేదు. చంపవలసిన రాక్షసుడికి తలుపూ తాళమూ పెట్టి మరీ కాపాడాను.

"అన్నా, నువ్వు ఎవురి పక్క?" అంది చెల్లి.

నేను కాఫీ గ్లాసు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ పిల్ల ప్రతి ఆదివారం అడిగేది, "ఈ వారమన్నా పైకి పోదామా?" అని. గల్లా అన్నది ప్రతి ఆదివారం ఒకటే మాట: "పోదాంలే చెల్లీ, ఎందుకంత తొందర? వాడు చస్తే చంపేదానికి ఎవురు వస్తారు? ఎవురూ రాకుంటే తాళ్లు ఎవురు కొంటారు?" మేస్త్రీ తల ఊపేవాడు. ఇద్దరొక వైపు, చెల్లి ఒక వైపు. మధ్యాహ్నం కునుకు నుంచి లేచిన పెద్దనాన్న గళ్ల లుంగీ సర్దుకుంటూ, "ఏమిరా, వాడింకా చావలేదా?" అని అడిగి, జవాబు వినకుండానే దొడ్లోకి పోయేవాడు.

అలా ఉండగా నా చదువైపోయింది. పరీక్ష ఫలితాల కన్నా ముందే నాయన కబురు వచ్చింది: "సోమవారం నుంచి కొట్లో కూర్చో. లుంగీలు మడత పెట్టేదానికి డిగ్రీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు." అంటే ఆ ఆదివారమే చివరిది. సాయంత్రం గుడియాత్తం బస్సు. రాక్షసుడు చావాలంటే ఆ మధ్యాహ్నమే చావాలి. నేను ముందుగానే ముగింపు మాటలు రాసి పెట్టుకున్నాను, తమిళ అక్షరాల్లో తెలుగు, నిండా రెండు పుటలు. ఆకాశం ఎరుపెక్కడం, శత్రువు ఒరిగిపోవడం, ఊళ్లో గంటలు మోగడం. అద్దం ముందు చదివి చూసుకుంటే నాకే కన్నీళ్లు వచ్చాయి. జేబులో పెట్టుకొని చాపమీద కూర్చున్నాను.

"ఈ పొద్దు వాడు చావాల," అంది చెల్లి కూర్చోకముందే. "ఈ అన్న ఊరికి పోయినాక ఇంకెప్పుడు?"

"ఎట్ల చంపుతావు? తలుపు తాళం వేసుండాది గదా," అన్నాడు గల్లా అన్న తాపీగా. "నేను అమ్మిన తాళం పగిలేది కాదు."

"నీ దగ్గర ఇంకో తాళంచెవి ఉండాది. నాకు తెలుసు. తాళం అమ్మి రెండో తాళంచెవి దాచిపెట్టుకోని కొట్టువాడు యాడైనా ఉండాడా?"

అన్న నవ్వాడు. పట్టుబడ్డందుకు సిగ్గు కాదు, చెల్లెలి తెలివికి మురిపెం. "ఉండాది. ఊరికే ఇస్తానా? బేరమాడు."

నేను బతిమాలాను. "ఒరేయ్ అన్నా, నాకు సాయంత్రం బస్సుందిరా. ఈ ఒక్క రోజు కొట్టు మాట కట్టిపెట్టి..."

"నువ్వు ఉండప్పా. కొనే మనిషి, అమ్మే మనిషి మాట్లాడుకుంటా ఉండాం." గల్లా అన్న మేస్త్రీ భుజం మీది తుండుగుడ్డ లాగి తన చేతి మీద, చెల్లి చేతి మీద కప్పాడు.

పొయ్‌గై పశువుల సంత చూసినవాళ్లకు ఇది తెలుసు. ఎద్దు ధర నోటితో చెప్పరు. తుండు కప్పుకొని, కింద వేళ్లు పట్టి నొక్కుతారు. చుట్టూ వందమంది నిలబడ్డా ధర తెలిసేది ఆ ఇద్దరికే. కుదిరాక చెయ్యి బయటికి తీస్తే, ఇక మాట తిరగడం లేదు. ఎద్దులు అమ్మి బతికిన మా తాత మా అందరికీ ఇది ఆటలాగా నేర్పాడు. ఏ వేలికి ఏ సరుకో అన్నాచెల్లెళ్లు చెవుల్లో చెప్పుకున్నారు. తుండు కదిలింది. నాకు ఒళ్లు మండింది.

"ఆట నడిపేది నేను! కొండ నేను, రాక్షసుడు నేను, ఆ ఆకాశం కూడా నేనే! నాకు తెలియకుండా బేరమేమిటి?"

"తుండు కిందిది పైకి చెప్పకూడదు," అన్నాడు మేస్త్రీ, నాకేదో మర్యాద నేర్పుతున్నట్టు.

వాళ్ల బేరాలు ఎంతసేపు సాగుతాయో తెలుసు కనుక నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను. నేను కూర్చునే లోపలే చెల్లి చెయ్యి బయటికి తీసింది. "కుదిరింది," అంది. అన్న చెయ్యి మాత్రం ఇంకా తుండు కిందే ఉంది. వాడి ముఖం ఎందుకో తెల్లబోయింది.

సరే, ఇప్పటికైనా నా కథ కదిలింది. చెల్లి ఒంటరిగా కొండ ఎక్కింది. తాళం తీసింది. తలుపు కిర్రుమంది. నేను లేచి నిలబడ్డాను. "లోపల చీకట్లో రెండు నిప్పుకళ్లు! నీ ఊరిని కాల్చినవాడు నీ ఎదుట నిలిచాడు. కత్తి దూయి చెల్లీ!"

"కత్తి లేదన్నా."

"ఏమైంది?"

"ఇచ్చేసినా."

"డాలు?"

"అదీ ఇచ్చేసినా."

"పోనీ గుర్రమెక్కి..." అన్నాను నీరసంగా. చెల్లి తల అడ్డంగా ఊపింది. గుర్రం, కవచం, మంత్రపుటుంగరం, రెండేళ్లలో ఆ పిల్ల కష్టపడి గెలుచుకున్నదంతా తుండు కింద పోయింది. చేతిలో ఉన్నది ఒక్క తాళంచెవి.

నేను గల్లా అన్న వైపు తిరిగాను. వాడు రంగు డబ్బాల వంక చూస్తున్నాడు. "సిగ్గుందిరా నీకు? సొంత చెల్లెల్ని ఒట్టి చేతుల్తో పంపుతావా?"

"నేను మొత్తం అడిగినా," అన్నాడు, వాడి గొంతులో నేనెన్నడూ వినని ఒక నీరసం. "ఎప్పుడూ మొత్తమే గదా అడిగేది? అది తగ్గిస్తాదని అనుకుంటి. కత్తి వద్దు, డాలు తీసుకో అంటాదని, గుర్రం దగ్గర తెగుతాదని. అది తగ్గించమని అడగనే లేదు. నేను అడిగింది అడిగినట్టే సరే అనేసింది."

మేస్త్రీ నోరు తెరిచాడు. నేనూ కూర్చుండిపోయాను. మా ఇళ్లల్లో మొదట చెప్పిన ధరకు ఎవరైనా సరే అన్న ముచ్చట ఎవరమూ వినలేదు. దేవుడి మొక్కులో కూడా ఓ కొబ్బరికాయ తగ్గించుకునే వంశం మాది.

కానీ ఆట ఆగదు కదా. రాక్షసుడు దెబ్బ వేశాడు. చెల్లి పాచిక వేస్తే చిన్న అంకె పడింది. కిందపడిపోయింది. ఇంకొక్క దెబ్బకు శపథమూ లేదు, తల దువ్వుకోవడమూ లేదు. చెల్లి పెదవి బిగబట్టి నా వంక చూసింది. నా జేబులోని రెండు పుటల్లో ఇలాంటి ముగింపు లేదు. రాక్షసుడి చెయ్యి ఎత్తాను, దించలేక అలాగే పట్టుకున్నాను.

"నేను పోతా ఉండా," అన్నాడు గల్లా అన్న.

"ఎక్కడికి?"

"కొండ పైకి."

"మరి కొట్టు?" అన్నాడు మేస్త్రీ.

"ఉండనీ."

"తలుపు వేసినావా అన్నా?"

"లేదు."

"గల్లాపెట్టె?"

"అది కూడా తెరిచే ఉండాది. నువ్వు బిరీన వస్తావా, ఆడనే కూర్చుంటావా?"

మేస్త్రీ లేచాడు. నిజంగానే చాపమీద లేచి నిలబడ్డాడు. అయినా నేను ఆట నడిపేవాణ్ణి, న్యాయం చెప్పాలి. "కొండెక్కడానికి ఒక పూట పడుతుందని మొదటినుంచీ చెబుతున్నాను. నువ్వు పోయేసరికి..."

"ఆ కొండకు పొయ్యేవాళ్లకు రెండేండ్లుగా తాళ్లు అమ్మతా ఉండా. అడ్డదారి యాడుండాదో నాకు తెలీదా?" అని కసిరాడు. "సరే, చేరుకున్నావు," అన్నాను. నా జీవితంలో బేరమాడకుండా ఒప్పుకున్నది అదొక్కసారే.

అన్న గుహలో అడుగుపెట్టాడు. "ఇంద చెల్లీ, నీ కత్తి."

చెల్లి చెయ్యి చాచలేదు. "ఎంత?"

"ఊరికే," అన్నాడు అన్న. ఆ మాట పలకడానికి వాడు పడ్డ యాతన నేను కళ్లారా చూశాను. పిప్పిపన్ను పీకించుకునేటప్పుడు కూడా అంత మెలికలు తిరగలేదు.

ఇక మిగిలింది ఒక్క పాచిక. "పదికి తగ్గకూడదు," అన్నాను. చెల్లి ఇరవై ముఖాల పాచికను రెండు చేతుల్లో ఊపి, కళ్లు మూసుకొని విసిరింది. అది చాప దాటింది, డబ్బాలు దాటింది, దొర్లుకుంటూ పోయి, మూల పడుకొని కునుకు తీస్తున్న పెద్దనాన్న చెయ్యికి తగిలింది. ఆయన ఉలిక్కిపడి లేచి, దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"అయ్యయ్యో! ఎత్తొద్దు!" అని నలుగురమూ ఒక్కసారే అరిచాం.

"ఏందిరా ఇది? గోలీ మాదిరి ఉండాది, గోలీ కాదు."

"అంకె! పైన ఏ అంకె ఉండె నాయనా?" అంది చెల్లి ఏడుపు గొంతుతో.

"కండ్లద్దాలు లేకుండా నాకేం కనపడతాది తల్లీ? రెండంకెలు మాత్రం ఉండె."

మేం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. రెండంకెలుంటే పదికి తగ్గదు. రాక్షసుడు చచ్చాడు! మేస్త్రీ ఎగిరి రంగు డబ్బా తన్నాడు, చెల్లి వాళ్లన్న వీపు మీద గుద్దింది. నేను జేబులోంచి రెండు పుటలూ తీసి, గొంతు సవరించుకొని, "ఆకాశం ఎరుపెక్కింది..." అన్నాను.

"వాడి తోలు ఎంతకు పోతాదంటావు?" అన్నాడు గల్లా అన్న.

"నేను ఇంటికి పోయి తల దువ్వుకుంటా అన్నా," అంది చెల్లి. "అంతే. నాకది చాలు."

"చచ్చినాడా వాడు?" అన్నాడు పెద్దనాన్న. "అమ్మయ్య. లేయండి మరి, సున్నం బస్తాలు వచ్చే వేళయింది."

నా రెండు పుటలనూ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంత పెద్ద యుద్ధాన్ని నడిపినవాణ్ణి సాయంత్రం దాకా సున్నం బస్తాలు మోశాను.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కోరుకున్న ముగింపు దొరికింది కదా, హాయిగా నిద్రపోవాలి. విరించిపురం దాటేదాకా కళ్లు మూసుకొని చూశాను, నిద్ర రాలేదు. తలుపు తెరిచిపెట్టిన ఆ కొట్లో ఇప్పుడు ఎవరున్నారు? వీరులు ఇక రారు. ఏ రైతో దూడను కట్టడానికి తాడు కోసం వచ్చి, "ఎవురుండారు లోపల?" అని పిలుస్తాడేమో. పిలిచి పిలిచి వెళ్లిపోతాడేమో. పళ్లికొండ వచ్చేసరికి ఆ రైతు చేత తాడు కొనిపించేశాను, ధర దగ్గర మాత్రం ఇద్దరికీ తెగడం లేదు. పక్కసీటు పెద్దాయన నా మోచెయ్యి తట్టి, "ఎవురితో నాయనా మాట్లాడతా ఉండావు?" అన్నాడు.

ఏమని చెబుతాను? బయట చీకటి పడుతోంది. రెండేళ్లుగా ఎప్పుడు చస్తాడా అని నేను ఎదురుచూసినవాడు, పాపం, పోతూ పోతూ ఒక్క గర్జన కూడా సరిగ్గా చెయ్యలేదే అనిపించింది. ఇరవై ఏళ్ల ఆ పిచ్చివాడు బస్సు కిటికీకి తల ఆనించి, తనే పుట్టించి తనే చంపించిన రాక్షసుడి కోసం, ఎవరూ చూడకుండా తుండుతో కళ్లు ఒత్తుకున్నాడు.